తోట దాహం

హైమావతి తయారుచేసిన దప్పిక పట్టీని మొదటగా చేతికి కట్టుకున్నవాడు ఆమె మొగుడే. ఇందులో వింతేమీ లేదు. ఏ ఇంట్లోనైనా కొత్త వంటకం ముందు ఎవరి కంచంలో పడుతుందో అందరికీ తెలిసిందే. భావనారాయణ పెళ్ళయిన నాటి నుంచీ ఆమె పెట్టినదల్లా వంక పెట్టకుండా తిన్న మనిషి. చెయ్యి చాపమంటే చాపాడు.

"నొప్పి పెడతదా?" అని మాత్రం అడిగాడు.

"లేదు. దాహం వేస్తుంది."

"అంతేనా. తోటలో పనిచేస్తే ఎట్టాగూ వేస్తదిగా."

"ఇది మీ దాహం కాదండీ. తోట దాహం."

భావనారాయణ మణికట్టు మీది నల్లపట్టీని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. చూడడానికి చవకరకం గడియారంలా ఉంది, ముళ్ళు లేవు. "బానే ఉంది. తోట నాతో మాట్లాడుద్దన్నమాట," అని నవ్వి, తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

వాళ్ళ ఊరు దొరువులపాలెం. బాపట్ల దాటి సముద్రం వైపు పోతే, అంతా ఇసుక నేల. ఆ ఇసుకలో గుంట తవ్వితే అడుగున మంచినీళ్ళు ఊరుతాయి. ఆ గుంటనే దొరువంటారు. భావనారాయణది ఆకుతోట. అవిసె చెట్లు వరసలుగా వేసి, వాటి మీదికి తమలపాకు తీగలు పాకించి, దొరువు నీళ్ళు వరసల మధ్య బోదె కాలవల్లోకి వదిలి పెంచుతారు. తాత తోటలోని తీగ ముక్క తండ్రి తోటకి, తండ్రి తోటలోది ఇతని తోటకి వచ్చింది. విత్తనం లేని పంట అది. ఒక తోట ఎండిపోతే ఆ తీగ వంశం అంతటితో సరి.

హైమావతి పట్నంలో వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పని చేస్తుంది. వారమంతా అక్కడే ఉండి, సెలవులకి ఊరొస్తుంది. ఆకులోని కణం నీళ్ళు ఎలా తాగుతుంది, ఎలా పోగొట్టుకుంటుంది అన్నదే ఆమె చదువంతా. కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారు నాగరత్తమ్మ, "ఏందమ్మాయ్ నువ్వు చేసే ఉద్యోగం? అడిగినోళ్ళకి చెప్పలేక చస్తన్నా," అని నిలదీసింది. అప్పుడు వసారాలో మాగాయకి మామిడి ముక్కలు ఉప్పులో వేసి ఉన్నాయి. హైమావతి జాడీ మూత తీసి చూపించింది.

"నిన్న పొడి ముక్కలే వేశారు కదత్తయ్యా. ఈ నీళ్ళెక్కడివి?"

"ముక్కలోవే. ఉప్పేస్తే ఊట దిగదూ?"

"అదే నా ఉద్యోగం. నీళ్ళు ముక్కలోంచి బయటికి ఎందుకు వచ్చాయి, మళ్ళీ లోపలికి ఎలా పోతాయి అన్నది."

నాగరత్తమ్మ ముక్కు మీద వేలేసుకుంది. "ఉప్పు నీళ్ళు లాగుద్దని తెలుసుకోటానికి గవర్నమెంటు నెలనెలా జీతమిస్తందా," అని పక్కింటి దాకా వెళ్ళి చెప్పి మరీ వచ్చింది. అయితే ఆ రోజు నుంచి కోడలి ఉద్యోగం మీద ఆవిడకి ఒక రకమైన గౌరవం ఏర్పడింది. మాగాయ సంగతి తెలిసిన పిల్ల మరీ పనికిరానిది కాదని కాబోలు.

పట్టీకి ముందు హైమావతి చేసింది ఒక చిన్న క్లిప్పు. నీళ్ళు నిండిన కణం తన గోడను లోపలి నుంచి నెట్టి పట్టుకుంటుంది. అందుకే ఆకు బిగువుగా నిలబడుతుంది. నీళ్ళు తగ్గితే ఆ బిగువు సడలుతుంది, ఆకు వాలుతుంది. మన కంటికి ఆకు వాలినట్టు కనిపించేసరికే చాలా ఆలస్యం అయిపోయి ఉంటుంది. క్లిప్పు మాత్రం ఆకును మెత్తగా పట్టుకుని బిగువు సడలడం మొదలైన ఘడియలోనే కనిపెట్టి, రైతు ఫోనుకి కబురు పంపేది. కబుర్లు బాగానే వెళ్ళాయి. శుభోదయం బొమ్మల మధ్యా, అప్పులిస్తామన్న సందేశాల మధ్యా పడి మాయమయ్యాయి. ఒక్క రైతు చూస్తే ఒట్టు.

ఆమె దగ్గర యంత్రాల పని చూసే కుర్రాడు జిలానీ. ఒకనాడు విసిగిపోయి అన్నాడు, "మేడమ్, మనిషి ఏ పనైనా తర్వాత చూద్దాంలే అంటాడు. అనకుండా ఉండేది ఏదన్నా ఉందా అసలు?"

హైమావతి అప్పుడే నీళ్ళసీసా ఎత్తబోతోంది. చేతిలో సీసాను అలాగే పట్టుకుని ఉండిపోయింది.

అలా పుట్టింది పట్టీ. క్లిప్పు చెప్పిన బిగువు లెక్కను అది గాలిలోంచి అందుకుని, మణికట్టు నరాన్ని సన్నగా మీటుతుంది. మెదడు నోరెండిందనుకుంటుంది. తోటలో కణాలు ఎంత సడలితే కట్టుకున్నవాడికి అంత దాహం. మనుషుల మీద పరీక్షకి అనుమతులు తెచ్చుకుని, ముందు ప్రయోగశాలలోనే కొందరికి కట్టి చూశారు. వాళ్ళు ఫ్యాను కింద కుర్చీల్లో కూర్చుని, పక్కన సీసా పెట్టుకుని, దాహమేసినప్పుడల్లా ఒక గుక్క తాగుతూ కబుర్లు చెప్పుకున్నారు. ఎవరికీ ఏమీ కాలేదు.

కట్టిన మర్నాడు పొద్దున్నే భావనారాయణకి కాఫీ తాగుతుండగానే నాలుక పిడచగట్టింది. గ్లాసుడు మంచినీళ్ళు తాగాడు. పోలేదు. ఇంకో గ్లాసు తాగాడు. ఉహూ. అప్పుడు గుర్తొచ్చి, తోటకి పోయి దొరువు మీది మోటారు వేసి, బోదెల్లోకి నీళ్ళు వదిలి గట్టు మీద కూర్చున్నాడు. చాలాసేపటికి అతని గొంతులో ఎవరో కుండ వంచినట్టు చల్లగా అయింది. ఒక్క చుక్క తాగకుండానే దాహం దిగిపోయింది.

వెంటనే భార్యకి ఫోను చేశాడు. "హైమా, తాగినయ్యే. తీగలు తాగినయ్. నాకు తెలిసింది."

ప్రయోగశాలలో తెర మీద ఆకుల బిగువు చూపే గీత పైకి లేవడం హైమావతి అప్పటికే చూస్తోంది. జిలానీ చూడకుండా కళ్ళు తుడుచుకుంది గానీ, జిలానీ కూడా అదే పనిలో ఉన్నాడు.

ఆ చలికాలమంతా పండగలాగే గడిచింది. తోటకి కావలసినప్పుడే నీళ్ళు, కావలసినన్నే నీళ్ళు. సగం నీటితో ఆకు మునుపటికంటే మందంగా, నిగనిగలాడుతూ వచ్చింది. భావనారాయణ కూడా మారాడు. ఒకసారి బంధువుల పెళ్ళిలో పంక్తిలో కూర్చుని, పప్పూ నెయ్యీ కలుపుకుంటూ ఉన్నవాడు ఉన్నపళంగా లేచి చెయ్యి కడుక్కున్నాడు. "ఎక్కడికిరా?" అని మేనమామ అడిగితే, "దాహమేస్తందయ్యా, ఇంటికి పోతన్నా," అన్నాడు. ఆ మాట ఊళ్ళో చాన్నాళ్ళు చెప్పుకుని నవ్వారు. అతను మాత్రం ఆ రాత్రి భార్యతో, "నవ్వుకోనీ. ఇన్నేళ్ళూ దాన్ని పెంచుతన్నా అనుకున్నాగానీ, దానికేం కావాల్నో ఇప్పుడే తెలస్తంది," అన్నాడు. హైమావతికి ఆ మాట ఏ సన్మానం కన్నా ఎక్కువగా తోచింది.

ఆకుతోటకి ఒక మడి ఉంది. లోపలికి చెప్పులతో వెళ్ళకూడదు, ఉమ్మకూడదు, తినకూడదు, మంచినీళ్ళయినా తాగకూడదు. ఎంగిలి తగిలితే ఆకు అలుగుతుందని నాగరత్తమ్మ నమ్మకం. ఆవిడ నమ్మకమంటే ఆ ఇంటికి చట్టమే. అందుచేత భావనారాయణ పొద్దున లోపలికి వెళ్ళి, ఆకు కోసి, తీగలు కట్టి, మధ్యాహ్నానికి బయటికొచ్చేదాకా ఎంత దాహమైనా ఓర్చుకునేవాడు. వచ్చాక దడి పక్కన పందిరి కింద నిలబడి చెంబు మీద చెంబు ఎత్తేవాడు. పూర్వం ఆ చెంబు దొరువులోనే ముంచేవాళ్ళు. ఊళ్ళోకి శుద్ధి చేసిన నీళ్ళ క్యాన్లు వచ్చాక దొరువు నీళ్ళు నోట పెట్టుకునేవాళ్ళే లేకపోయారు. అవి తోటకీ, గేదెలకీ మిగిలాయి. ఈమధ్య గేదెలు కూడా అమ్మేశారు.

ఎండాకాలం ముదిరింది. రోహిణి కార్తెలో ఒకరోజు తెర మీద గీత పడడం మొదలుపెట్టింది. హైమావతి ఫోను చేసింది.

"నీళ్ళు పెట్టారా?"

"పెట్టా. ఇందాకే ఒక తడి ఇచ్చా."

"చాల్లేదండీ. ఎండకి ఆకులోంచి ఆవిరైపోతోంది. ఇంకో తడి పెట్టండి."

పెట్టాడు. గీత ఇంకా పడింది. మళ్ళీ ఫోను చేసింది, మళ్ళీ పెట్టాడు.

"గొంతు తడారిపోతందే," అన్నాడు సాయంత్రం. ఆ మాట అనడం అతనికి అదే మొదలు.

"అయితే పట్టీ కాసేపు తీసి పక్కన పెట్టండి."

"సరేలే."

ఆ సరేలేని హైమావతి నమ్మాలనుకుంది, నమ్మింది. తీశారా అని మళ్ళీ అడగలేదు. తీస్తే మణికట్టు లెక్క తెగిపోతుంది. ఎండాకాలపు లెక్క లేనిదే కేంద్రం పెద్దల సమావేశంలో ఆమె నివేదిక నిలబడదు. ఈ ఒక్క నెల గడిస్తే పట్టీ జిల్లా అంతటా వెళుతుంది. అడగకుండా ఉండటానికి ఇవన్నీ కారణాలే. తర్వాత రోజుల్లో ఒక్కొక్కదాన్నీ బయటికి తీసి చూసుకుని ఆమె కుమిలిపోయింది.

మర్నాడు కూడా ఇదే వరస. ఆ మర్నాడు మధ్యాహ్నం అత్తగారి దగ్గర్నించి ఫోను వచ్చింది. నాగరత్తమ్మ తనంతట తాను ఫోను చేసే మనిషి కాదు.

"అమ్మాయ్, వీడు పొద్దుట్నించి తలనెప్పంటన్నాడు. వాంతులు చేసుకుంటన్నాడు. నన్ను పట్టుకుని ఎవురు నువ్వంటన్నాడే."

"వడదెబ్బేమో అత్తయ్యా."

"నేనూ అదే అనుకుని నీళ్ళు పట్టిస్తన్నా."

"పట్టించండి. నేను వచ్చేస్తున్నాను," అంది.

జిలానీ బండి వెనక కూర్చుని ఆమె తోట దగ్గరికి చేరేసరికి భావనారాయణ పందిరి కింద ఇసుకలో పడి కొట్టుకుంటున్నాడు. కళ్ళు తేలేశాడు. తల్లి అతని తల ఒళ్ళో పెట్టుకుని, చెంగుతో విసురుతోంది. ఊళ్ళోవాళ్ళు ఆటోలో వేసి పట్నంలో ఆసుపత్రికి చేర్చారు.

డాక్టరు చిన్న వయసు అమ్మాయి. రక్తం పరీక్షకి పంపి వచ్చి, సూటిగా అడిగింది. "ఈయన ఎన్ని నీళ్ళు తాగారు?"

"క్యాను ఖాళీ చేశాడమ్మా," అంది నాగరత్తమ్మ. "రెండోది కూడా సగానికొచ్చింది. ఎంత తాగినా చాలదంటన్నాడు."

"రక్తంలో ఉప్పు బాగా పడిపోయిందండీ. నీళ్ళు మెదడు కణాల్లోకి పోయాయి. మెదడు వాచింది. అందుకే ఫిట్స్."

హైమావతికి అంతకుమించి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఏటా ట్రెయినింగుకి వచ్చే పిల్లలకి ఆమె మొదటి రోజు చెప్పే పాఠమే అది. బోర్డు మీద రెండు బొమ్మలు గీస్తుంది. మంచినీళ్ళలో వేసిన ఉల్లిపొర కణం ఉబ్బుతుంది, గోడ దాకా వచ్చి ఆగి, బిగువుగా నిలబడుతుంది. మంచినీళ్ళలో వేసిన నెత్తురు కణం ఉబ్బుతూనే ఉంటుంది. దానికి గోడ లేదు. పగిలిపోతుంది. ఆ మాట దగ్గర బల్ల మీద చేత్తో చరుస్తుంది, పిల్లలు ఉలిక్కిపడి నవ్వుతారు. ఇన్నేళ్ళుగా అన్నిసార్లు చరిచిన చెయ్యే, గోడ ఉన్నదాని దాహాన్ని తీసుకెళ్ళి గోడ లేని మనిషికి కట్టింది. అప్పుడు ఆ రెండో బొమ్మ ఆమెకి గుర్తు రాలేదు.



లోపల అతనికి ఉప్పునీళ్ళు ఎక్కిస్తున్నారు. బొట్టు బొట్టుగా ఎక్కించాలి, తొందరపడితే ఇంకో ప్రమాదం అంది డాక్టరు. నర్సు అతని ఒంటి మీది వస్తువులు తీసి ఒక కవర్లో పెట్టి హైమావతి చేతికిచ్చింది. మొలతాడుకున్న తాళంచెవి, ఉంగరం, నల్లపట్టీ. పట్టీ అంచున చిన్న దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. ఇంతసేపూ అది అతని నరాన్ని మీటుతూనే ఉంది.

ఆమె దాన్ని తన మణికట్టుకి కట్టుకుంది. ప్రయోగశాలలో కుండీ మొక్కతో పెట్టి చూసుకున్నదే గానీ, తోటంత దాహం ఆమె ఎరగదు. క్షణంలో నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. గొంతులో ఇసుక పోసినట్టుంది. వరండా చివర నీళ్ళ కుళాయి వైపు కాళ్ళు వాటంతట అవే నడవబోతే, రెండు చేతులతో కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడింది. రెండు రోజులు. ఈ మనిషి రెండు రోజులు దీన్ని మోస్తూ, ఫోనులో సరేలే అన్నాడు.

చువ్వ వదలకుండానే రెండో చేత్తో ఫోను తెరిచి గీత చూసింది. ఎండకి సడలిన తోట గీత వాలుగా దిగుతుంది. ఇది మెట్లుమెట్లుగా దిగింది. ఒక్కో మెట్టూ ఎక్కడ ఉందో ఆమెకి తెలుసు, ఎందుకంటే ఆ వేళల్లో ఫోను చేసింది తనే. నీళ్ళు పెట్టండి అన్న ప్రతిసారీ, ఆ నీళ్ళు వేళ్ళకి చేరిన కాసేపటికి, తోట ఇంకా దాహపడింది. నీళ్ళు పెట్టేకొద్దీ దాహం పెంచేది ఒక్కటే ఉంది.

పట్టీ విప్పి, జిలానీని తోటకి పరిగెత్తించింది. దొరువు నీళ్ళు నోట్లో పోసుకుని చూడమంది.

అతను ఫోను చేశాడు. "మింగలేకపోయా మేడమ్. ఉప్పు కషాయం."

వానలు తప్పి, చుట్టూ బోర్లు పెరిగి, ఇసుక కింద మంచినీరు తగ్గినకొద్దీ సముద్రం ఆ ఖాళీలోకి జరుగుతూ వచ్చింది. దొరువులో చెంబు ముంచి తాగే రోజులైతే మొదటి పూటే ఎవరి నాలుకో చెప్పేది. ఇప్పుడు ఆ నీళ్ళు ఎవరూ రుచి చూడడం లేదు. తీగల వేళ్ళ చుట్టూ ఉప్పు నీళ్ళు పోసి, కణాల్లో ఉన్న నీటిని కూడా బయటికి లాగించింది హైమావతే. అక్కడ తోట ఉప్పెక్కువై ఎండుతుంటే, ఇక్కడ మనిషి ఉప్పు లేక పోతున్నాడు.

జిలానీ ఊళ్ళోవాళ్ళని కూడగట్టి ట్యాంకర్లతో మంచినీళ్ళు తెప్పించి, బోదెల్లోని ఉప్పు కడిగించాడు. దక్షిణం వైపు వరసలు పోయాయి. ఉత్తరం వైపు తీగలు నిలబడ్డాయి.

భావనారాయణ కళ్ళు తెరిచి మనిషిని గుర్తుపట్టిన పూట ఆమె పక్కనే ఉంది. అతను చాలాసేపు ఆమె ముఖం చూశాడు.

"తోట తాగిందా?"

"తాగిందండీ."

"మరి నాకేం తెలవటం లేదే?"

"పట్టీ తీసేశాను." ఆమెకి ఏడుపు ఆగలేదు. "మీకు దాహంగా ఉందా? డాక్టరమ్మ ఒక్క చెంచా ఇవ్వమంది."

అతను ఆలోచించాడు. ఎక్కడో పెట్టి మరిచిపోయిన వస్తువుని వెతుక్కుంటున్నట్టు ముఖం పెట్టాడు. "లేదు," అన్నాడు చివరికి. ఆ రోజు హైమావతి దానికి సంతోషించింది. నీళ్ళు కొలిచి ఇవ్వవలసిన రోగికి దాహం లేకపోవడం అదృష్టమే అనుకుంది.

ఇంటికి తీసుకొచ్చాక అసలు సంగతి బయటపెట్టింది నాగరత్తమ్మ. కొడుకు బతికొచ్చాడన్న సంబరంలో ఆవిడ కొత్తావకాయ కలిపి పెట్టింది. అతను ఎర్రటి ముద్దలు తింటున్నాడు, కళ్ళెంట నీళ్ళు కారుతున్నాయి, ముక్కు చీదుకుంటున్నాడు, పక్కన నీళ్ళగ్లాసు ముట్టుకోవడం లేదు.

"నీళ్ళు తాగరా," అంది తల్లి.

తాగాడు. పిల్లాడు మందు తాగినట్టు బుద్ధిగా తాగి, గ్లాసు కింద పెట్టి, మళ్ళీ ఆవకాయలో పడ్డాడు. ఆవిడ కోడలి వైపు చూసింది. కోడలి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

పరీక్షలన్నీ చేశారు. తోట దాహం అదేపనిగా మీటి మీటి, అతని సొంత దాహం పుట్టే చోటు మొద్దుబారిందన్నారు. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. మండుటెండలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చుక్క తాగకుండా పని చేసి, కళ్ళు తిరిగి పడిపోయేదాకా అతనికి తెలియదు. ఇప్పుడు అతన్ని చంపేది నీళ్ళు ఎక్కువై కాదు, తక్కువై.

ఆ సాయంత్రం ఇద్దరూ దడి పక్కన కూర్చున్నారు.

"మిమ్మల్ని ఇలా చేసింది నేనే," అంది హైమావతి.

"తీసెయ్యమన్నావుగా. నేనే తియ్యలా."

"ఎందుకు తియ్యలేదు?"

"నీ గీత తెగిపోద్దని." ఇసుకలో వేలితో గీత గీస్తూ మళ్ళీ అన్నాడు. "అదొక్కటే కాదులే. అది దాహంతో అల్లాడతంటే, నేనొక్కణ్ణీ విప్పేసి చల్లగా కూర్చుంటే ఎట్టాగే? నేను విప్పినంత మాత్రాన దానికి దాహం ఆగదుగా."

హైమావతి అతని చేతిని తన ఒళ్ళోకి తీసుకుంది. మణికట్టు మీద పట్టీ ఉన్నచోట చర్మం తెల్లగా పాలిపోయి ఉంది. ఆమె దాన్ని నిమురుతూ కూర్చుంది.

పెద్దల సమావేశం అనుకున్న రోజునే జరిగింది. డైరెక్టరు మంచివాడే. "జరిగింది దురదృష్టం. నీటిలో ఉప్పు కొలిచే పరికరం ఒకటి జత చేద్దాం, పట్టీ పూటకి ఇంతసేపే పని చేసేలా పెడదాం. సగం నీళ్ళు మిగిలాయమ్మా, ఇది చిన్న విషయం కాదు," అన్నాడు. ఒక్క మాటలోనూ తప్పు లేదు. జిలానీ ఆ మార్పులన్నీ నెల తిరక్కుండా చెయ్యగలడు. ఊళ్ళలో దొరువులు అడుగంటుతున్న సంగతీ, ఆ మిగిలే నీళ్ళు ఎందరికి కావాలో కూడా హైమావతికి తెలుసు.

"మా ఆయనకి దాహం వెయ్యడం లేదు సార్," అంది.

డైరెక్టరు చేతిలోని నివేదిక మూసేశాడు. ఆమే మళ్ళీ అందుకుంది.

"ఒక్క మనిషికే జరిగింది, నిజమే. కానీ రెండో మనిషికి కట్టడానికి నాకు చెయ్యి రాదు. క్లిప్పు ఉంచుదాం. కబుర్లు పంపుదాం, చూడకపోతే మళ్ళీ పంపుదాం. పట్టీ మాత్రం పక్కన పెట్టేయండి."

ఏళ్ళ తరబడి చేసిన పని అలా బీరువాలోకి పోయింది. ఆమెకి రావలసిన పెద్ద పదవి ఇంకొకరికి వెళ్ళింది. ఉప్పు నేలలో బతికే తీగ కోసం కొత్తగా తీగ ముక్కలు నాటడంతో మొదలుపెట్టింది. దానికి ఎన్నేళ్ళు పడుతుందో ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఇక మిగిలింది భావనారాయణ చేత నీళ్ళు తాగించడం. ఫోనులో గంట పెట్టింది. మోగినప్పుడల్లా అతను "తర్వాత చూద్దాంలే" అనుకుని నొక్కేసేవాడు. రైతు రైతే కదా. తల్లి వెంటబడితే దడి దాటి తోటలో దూరేవాడు, అక్కడ తాగకూడదు కనక ఆవిడ కూడా ఏమీ అనలేకపోయేది. ఇద్దరికీ తల ప్రాణం తోకకొచ్చింది.

ఒకనాడు ప్రయోగశాలలో హైమావతికి దాహమేసి, సీసా ఎత్తబోతూ, ఎందుకో ఫోను చేసింది.

"నాకు దాహంగా ఉందండీ."

"తాగొచ్చుగా," అన్నాడు అయోమయంగా.

"ఒక్కదాన్నీ తాగలేను. మీరూ రండి."

"ఉండు, బయటికొస్తన్నా," అన్నాడు. తీగల మధ్య నుంచి అతను నడిచొచ్చే చప్పుడూ, దడి తలుపు కిర్రుమనడమూ, చెంబు మూత తీసిన చప్పుడూ వినిపించాయి. ఇద్దరూ తాగారు. అతను నిండా ఒక్క చెంబు, అంతే. నాగరత్తమ్మ ఆ నీళ్ళలో ఇంత ఉప్పూ, ఇంత నిమ్మరసమూ కలిపి పెడుతోంది.

అది అలవాటయింది. ఆమె దాహమే అతని దాహం. సెలవు రోజుల్లో ఇంట్లో ఆమె గ్లాసు వెంట రెండో గ్లాసు పోసేది. మిగతా రోజుల్లో ఫోను. "నాకు దాహంగా ఉంది," "ఉండు, వస్తన్నా." రోజూ ఎన్నిసార్లో. కొత్తగా చేరిన పిల్లలు ఇదేమి సంసారమని చెవులు కొరుక్కునేవాళ్ళు. జిలానీ వాళ్ళని కళ్ళతోనే కసిరేవాడు.

మళ్ళీ ఎండలు వచ్చాయి. ఒకరోజు ఉప్పునీళ్ళ తొట్టిలో వేసిన తీగ ముక్కల్లో ఒకే ఒక్కటి వాలకుండా నిలబడింది. హైమావతి పొద్దుటి నుంచి దాని ముందు నుంచి కదల్లేదు. ఆకు ఎత్తి చూస్తుంది, సూక్ష్మదర్శిని కింద పెడుతుంది, మళ్ళీ చూస్తుంది. భోజనాల వేళ దాటింది. ఫోను మోగితే విసుగ్గానే ఎత్తింది.

"హైమా."

"ఆ, చెప్పండి."

"ఇందాకట్నించి దడి కాడ నిలబడున్నా. చెంబు కూడా ఎత్తి పట్టుకున్నా. నీ ఫోను రాలేదు."

ఆమె గడియారం చూసింది. బల్ల మీద సీసా నిండుగా ఉంది, మూత కూడా తియ్యలేదు. "అయ్యో, మరిచిపోయానండీ. నా బుద్ధి గడ్డి తిన్నది. ఎండ మాడిపోతోంది, మీరు తాగెయ్యాల్సింది. ముందు తాగండి."

"నా సంగతి కాదే. నాకెట్టాగూ తెలవదుగా." అతని గొంతులో కోపం లాంటిదేదో ఉంది. "పొద్దుట్నించి నువ్వు చుక్క నీళ్ళు తాగలేదని తెలిసింది. అది చెబుదామని చేశా. ముందు నువ్వు తాగు."

హైమావతి మూత తీసింది. మొదటి గుక్క గొంతు దిగలేదు. రెండోది దిగింది.

అవతల అతను ఆ గుటక చప్పుడు విన్నాక చెంబెత్తాడు.